ఇంటి కప్పు మీది రాతినార



ఈనాటి ప్రసంగం మన ఇంటి కప్పును గురించి. ఇటు దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, గౌరిబిదనూరు, బాగేపల్లి మొదలుకొని అటు హిందూపురం, మడకశిర, పెనుకొండ దాకా మీరు ఏ ఊరికైనా వెళ్ళండి. బూడిదరంగు సిమెంటు రేకు కనబడని వీధి ఉండదు. ఇంటి మీద రేకులు, పశువుల కొట్టం మీద రేకులు, పట్టుపురుగుల షెడ్డు మీద రేకులు, కోళ్ళ ఫారం మీద రేకులు. పాత బడి వరండా మీద కూడా అవే. కొందరు వీటిని సిమెంటు రేకులంటారు, కొందరు ఏసీ షీట్లంటారు, మరికొందరు కంపెనీ గుర్తును బట్టి చార్మినార్ రేకులంటారు. పేరు ఏదైనా వీటిలో చాలావాటిలో సిమెంటుతో పాటు కలిసి ఉన్న పదార్థం ఒకటే. అది ఆస్బెస్టాస్.

దీనికి మన భాషలో రాతినార అనే చక్కని మాట ఉంది. కన్నడంలో కల్నారు అంటారు. రెండు మాటలకూ అర్థం ఒక్కటే: రాతిలో పుట్టిన నార. గోగునారను, జనపనారను మనం చెట్టు నుంచి తీస్తాం. ఈ నారను మాత్రం గని నుంచి తవ్వి తీస్తారు. చూస్తే రాయి; విడదీస్తే దూదిలాంటి పోగులు. నిప్పుకు కాలదు, నీటికి కుళ్ళదు, చెద పట్టదు. వంద, నూటపాతికేళ్ళ కిందట ఇంజనీర్లు దీన్ని వరమని అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు. 1900 ప్రాంతంలో ఆస్ట్రియా దేశస్థుడు లుడ్విగ్ హాట్షెక్ ఈ నారను సిమెంటుతో కలిపి పలచని, గట్టి రేకుగా పోతపోసే పద్ధతి కనిపెట్టాడు. అది ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1934లో మధ్యప్రదేశ్‌లోని కైమూరులో ఈ పరిశ్రమ మొదలైంది. 1946లో హైదరాబాదులో ఒక కంపెనీ ఏర్పడింది. తెలుగువారి ఇళ్ళ మీదికి చార్మినార్ గుర్తు రేకు వచ్చింది అక్కడి నుంచే. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె దగ్గర, తెల్ల రాతినార గనులు కూడా ఉండేవి.

ఈ రేకు మన పేద ఇంటికి చేసిన మేలును కాదనలేం. అంతకుముందు ఉన్నది బోద కప్పు, లేదా మట్టి మిద్దె, లేదా నాటు పెంకు. బోదకు నిప్పు భయం, మిద్దెకు వాన భయం, పెంకుకు కోతుల భయం. రేకు వేస్తే ఒక్కరోజులో కప్పు పూర్తయ్యేది. తుప్పు పట్టదు, ఖర్చు తక్కువ. ఇనుపరేకంత వేడెక్కదు కూడా. కాబట్టి ఈ రేకు వేసుకున్నవారు తెలియనితనంతో వేసుకున్నారని ఎవరూ అనకూడదు. ప్రభుత్వమే బడులకూ, కాలనీ ఇళ్ళకూ వేసిన రోజులున్నాయి.

మరి చిక్కు ఎక్కడ? చిక్కు ఆ నారలోనే ఉంది. ఈ నార విరిగినకొద్దీ నిలువుగా చీలుతూ పోతుంది. చీలి చీలి చివరకు కంటికి కనబడనంత సన్నని సూదులవుతుంది. తల వెంట్రుకతో పోలిస్తే ఆ సూది మందం ఎన్నో వంతు తక్కువ. ఇంత తేలికైన సూదులు గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. మామూలు దుమ్మును మన ముక్కు ఆపుతుంది, దగ్గు బయటికి తోస్తుంది. ఈ సూదులు మాత్రం ఊపిరితిత్తుల అట్టడుగు గదుల దాకా పోయి అక్కడ గుచ్చుకొని నిలిచిపోతాయి. అవి రాయి కాబట్టి శరీరం వాటిని జీర్ణం చేసుకోలేదు. ఆ చుట్టూ మచ్చ కడుతుంది. మచ్చ పెరిగి ఊపిరితిత్తి తోలులా గట్టిపడితే ఆ జబ్బును ఆస్బెస్టోసిస్ అంటారు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, విడవని పొడిదగ్గు, క్రమంగా కూర్చున్నా ఊపిరి అందకపోవడం దాని లక్షణాలు. అంతేకాదు, ఊపిరితిత్తుల క్యాన్సరు, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు, గొంతులోని స్వరపేటికకు, స్త్రీలలో అండాశయానికి వచ్చే క్యాన్సర్లు కూడా రాతినార వల్ల వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. తెల్లనార, నీలినార, గోధుమరంగు నార అని రకాలున్నా అన్నీ క్యాన్సరు కలిగించేవే. పనిచేసే చోట ఈ నార పీల్చినందువల్ల ప్రపంచంలో ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ఆ సంస్థే చెబుతోంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. "మా నాయన ముప్పయి ఏళ్ళు రేకులు కోసినాడు, ఏమీ కాలేదే" అని. ఆ మాటకు జవాబు మన సుప్రీంకోర్టు తీర్పులో దొరుకుతుంది. అహ్మదాబాదుకు చెందిన ఒక వినియోగదారుల సంస్థ వేసిన వ్యాజ్యంలో 1995 జనవరి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాతినార పరిశ్రమలో పనిచేసే ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలను, పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు గానీ, పని మానిన తరువాత 15 ఏళ్ళు గానీ, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. పనిచేసేవాని ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని కూడా ఆ తీర్పు చెప్పింది. 40 ఏళ్ళు ఎందుకు? ఈ జబ్బు బయటపడడానికి 20, 30, ఒక్కొక్కప్పుడు 40 ఏళ్ళు కూడా పడుతుంది కనుక. ఇరవై ఏళ్ళ వయసులో పీల్చిన దుమ్ముకు అరవై ఏళ్ళ వయసులో జబ్బు రావచ్చు. అప్పటికి రేకు కోసిన సంగతి మనిషికే గుర్తుండదు. డాక్టరు గారికి ఎలా తెలుస్తుంది?

ఇంకో సంగతి. ఇది ఫ్యాక్టరీలో పనిచేసేవారి జబ్బు మాత్రమే కాదు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 33 మంది మీసోథీలియోమా రోగుల వివరాలు ప్రకటించారు. వారిలో చాలామంది నీలినార గనుల ప్రాంతానికి చెందినవారు. గనిలో ఎన్నడూ పనిచేయకపోయినా, చిన్నతనంలో ఆ ఊళ్ళలో పెరిగినవారు కూడా అందులో ఉన్నారు. 1965లో లండన్‌లో జరిగిన మరో పరిశీలనలో, ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్ళలోని ఆడవారికీ ఈ జబ్బు కనిపించింది. వాళ్ళు చేసిన పని ఏమిటంటే, ఇంటాయన వేసుకొచ్చిన దుమ్ము బట్టలు దులిపి ఉతకడం. ఈ రెండు సంగతులను మీరు గుర్తు పెట్టుకోండి. రేకులు దించే పని దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ వీటితో అవసరం పడుతుంది.

ఇంతా విన్నాక, ఈ రాత్రి ఆ రేకుల కింద ఎలా పడుకునేది అని కొందరికి గుబులు పుట్టవచ్చు. అలా భయపడనక్కరలేదు. ఇంటి రేకులో రాతినార సాధారణంగా నూటికి పది పాళ్ళ దాకా ఉంటుంది, తక్కినదంతా సిమెంటు మొదలైనవి. ఆ సిమెంటు నారను బిగించి పట్టుకొని ఉంటుంది. రేకు గట్టిగా, పగుళ్ళు లేకుండా, ఎవరూ దాన్ని కెలకకుండా ఉన్నంతకాలం దాని నుంచి నార గాలిలోకి వచ్చేది చాలా తక్కువ. పడుకున్న పాము లాంటిది అది. దాని జోలికి పోనంతవరకు దాని దారిన అది ఉంటుంది. కనుక మొట్టమొదటి సూత్రం ఇది: బాగున్న రేకును భయంతో పీకకండి. తెలియని చేతులతో పీకినందువల్ల వచ్చే ముప్పు, ఉంచినందువల్ల వచ్చే ముప్పు కంటే ఎక్కువ.

అయితే మీ రేకు ఏ స్థితిలో ఉందో ఏడాదికి ఒకసారి, వానలకు ముందు, కింద నుంచే చూసుకోండి. గట్టిగా, నునుపుగా ఉంటే అలాగే ఉంచండి. చిన్న పగులు ఉంటే నీళ్ళు చల్లి తడిపి, వాన నీరు దిగకుండా వేసే అంటుపూత ఏదైనా పూయండి. పూతకు ముందు ఇనుప బ్రష్షుతో గానీ ఉప్పుకాగితంతో గానీ రుద్దకూడదు. పాతికేళ్ళు, ముప్పయి ఏళ్ళు ఎండకూ వానకూ నానిన రేకు పైభాగం అరిగి, చేత్తో తాకితే పొడి రాలుతున్నట్టు ఉంటే, అంచులు పొరలు పొరలుగా లేస్తుంటే, దానికి కాలం చెల్లిందని అర్థం. కోతులు దూకి, వడగళ్ళు పడి, పిల్లల క్రికెట్ బంతి తగిలి విరిగినవీ అంతే. అలాంటివాటిని మార్చే ఆలోచన చేయవలసిందే.

రేకుల కింద కాపురం చేసేవారు పాటించవలసిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఫ్యాను తగిలించడానికో, టీవీ తీగ దూర్చడానికో రేకుకు రంధ్రం వేయించకండి. బూజు దులిపేటప్పుడు రేకును పొడి చీపురుతో గీకకండి; తడిగుడ్డ కట్టిన కర్రతో తుడవండి. పైన పాచి పట్టిందని ఎక్కి గోకకండి. మురికి పోవాలని పంపుతో జోరుగా నీళ్ళు కొట్టించకండి. రేకుల మీది వాన నీరు పోయే తూముల్లో పేరుకున్న మడ్డిని ఎండినప్పుడు కాకుండా తడిగా ఉన్నప్పుడే తీయండి. వీలుంటే లోపలివైపు గట్టి పెయింటు వేయించండి. నార రాలకుండా పట్టి ఉంచుతుంది. పైన తెల్లసున్నం పూత వేస్తే ఎండవేడి కొంత తగ్గుతుంది. దాన్ని కూడా నిచ్చెన మీద నిలబడి వేయాలి గానీ రేకు మీద అడుగు పెట్టకూడదు. పాత రేకు మనిషి బరువు మోయదు. రేకు విరిగి కిందపడి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. నార ముప్పు నలభై ఏళ్ళకు వస్తుందేమో, ఈ ముప్పు ఆ క్షణంలోనే వస్తుంది.

రాతినార ఇంటి రేకులోనే కాదు, మరికొన్ని చోట్ల కూడా ఉండవచ్చు. అవి రేకు కంటే ప్రమాదం, ఎందుకంటే వాటిలో నారను బిగించి పట్టే సిమెంటు ఉండదు. పాత రీలింగు యూనిట్లలో, పాత మిల్లుల్లో, బాయిలరు గొట్టాలకు వేడి పోకుండా చుట్టిన తెల్లని మెత్తటి పట్టీ చూసి ఉంటారు. కొలిమి తలుపు సందులో కూరిన తెల్లతాడు కూడా అలాంటిదే కావచ్చు. వీటిని ఎవరూ సొంతంగా ఊడబెరకకూడదు. అందుకు శిక్షణ పొందినవారూ, సరంజామా ఉన్నవారూ రావలసిందే. మా ఉపాధ్యాయులకు పరిచయమైనది ఇంకొకటి ఉంది. సైన్సు లేబులో బీకరు కింద పెట్టే వైరు గాజుగుడ్డ. దాని నడుమ తెల్లని గుండ్రని పూత ఉంటుంది. పాతవాటిలో ఆ పూత రాతినారే. పిల్లలు దాన్ని గోటితో గిల్లుతూ ఉంటారు. బడిలో పాత గాజుగుడ్డలు ఉంటే తడిపి, ప్లాస్టిక్ సంచిలో కట్టి పక్కన పెట్టించి, సిరామిక్ పూత ఉన్నవి తెప్పించమని నా తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాను.

ఇక రేకులు దించే పని. ఈ సంగతి దేవనహళ్ళి చుట్టుపక్కల ఉన్నవారికి ఎంతో ముఖ్యం. 2008 మే నెలలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. అప్పటి నుంచి ఈ తాలూకా ముఖమే మారిపోయింది. ద్రాక్షతోటలు లేఅవుట్లయ్యాయి. పట్టుపురుగుల షెడ్లు పడగొట్టి భవనాలు కట్టుతున్నారు. రోడ్డు వెడల్పు చేస్తే ముందువరస ఇళ్ళు పోతాయి. ఇలా పడిపోయే ప్రతి పాత కప్పులోనూ రేకులున్నాయి. వాటిని దించేది ఎవరు? ఎక్కువగా మన అనంతపురం వైపు నుంచి, రాయచూరు, కలబురగి వైపు నుంచి కూలికి వచ్చినవారు. వారి చేతిలో సుత్తి ఉంటుంది, ముఖానికి తువ్వాలు ఉంటుంది. మొత్తం పని గుత్తకు మాట్లాడి ఉంటారు కనుక ఎంత తొందరగా అయితే అంత లాభం.

రేకును సుత్తితో ఎందుకు పగలగొడతారో తెలుసా? బోల్టు తుప్పు పట్టి ఊడిరాదు. బోల్టు విప్పడానికి పది నిమిషాలు, రేకు పగలగొట్టడానికి పది సెకన్లు. ఆ పది నిమిషాల ఆదా కోసం మనిషి తన ఊపిరిని పణంగా పెడుతున్నాడు, ఆ సంగతి తనకే తెలియకుండా. కనుక ఇల్లుగలవారు మేస్త్రితో బేరం కుదుర్చుకునేటప్పుడే ఒక మాట చెప్పాలి: "రేకు విరగకూడదు. బోల్టు విప్పడానికి పట్టే కూలి నేనిస్తాను." ఈ ఒక్క మాటతో సగం ముప్పు తప్పుతుంది.

పని వరుస చెబుతాను, జాగ్రత్తగా వినండి. గాలి లేని రోజు, ఉదయం పూట ఎంచుకోండి. ఇరుగుపొరుగుకు ముందురోజే చెప్పి తలుపులు, కిటికీలు మూయించండి. పిల్లలను, గర్భిణులను, పశువులను, కోళ్ళను దూరంగా పంపండి. బావి, నీళ్ళ తొట్టి, గడ్డివామి ఉంటే కప్పిపెట్టండి. ఇంట్లోని సామాను, పరుపులు, ధాన్యం ముందే బయటికి తరలించండి. నేల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరవండి. బోల్టులకు ముందురోజు సాయంత్రమే నూనె వేసి ఉంచండి.

ఆ తరువాత తడపడం. తోటకు మందు కొట్టే పంపును రెండు మూడుసార్లు బాగా కడిగి, అందులో నీళ్ళు పోసి, కొంచెం సబ్బునీళ్ళు కలిపి, సన్నని తుంపరగా రేకును రెండువైపులా తడపండి. సబ్బు కలిపితే నీరు రేకులోకి బాగా ఇంకుతుంది. తడిసిన నార లేవదు. ఎండితే మళ్ళీ తడపాలి. అయితే తడి రేకు జారుతుంది కాబట్టి ఎవరూ దాని మీద ఎక్కకూడదు. నిచ్చెనో, పరంజానో వేసుకొని కింద నుంచి, పక్క నుంచి పని చేయాలి. తప్పనిసరిగా పైకి పోవలసివస్తే, దూలాల మీద ఆనే బలమైన పలకలు వేసుకొని, నడుముకు తాడు కట్టుకొని పోవాలి.

బోల్టును విప్పండి. రాకపోతే రంపపు బ్లేడుతోనో బోల్టు కట్టరుతోనో బోల్టును మాత్రమే కోయండి. తిరిగే కోతమిషను వాడకండి. అది రేకుకు తగిలిందంటే ఒక్క నిమిషంలో వీధంతా దుమ్మే. విప్పిన రేకును ఇద్దరు పట్టుకొని నిదానంగా దించాలి. పైనుంచి విసరకూడదు, మరో రేకు మీద ఈడ్చకూడదు. దించినవాటిని తడిగా ఉండగానే ఒకదాని మీద ఒకటి పేర్చి, మందపాటి ప్లాస్టిక్‌తో రెండు పొరలుగా చుట్టి, అంచులు టేపుతో అంటించండి. విరిగిన ముక్కలను ఏరి గట్టి సంచుల్లో కట్టండి. "ఇందులో ఆస్బెస్టాస్ ఉంది, విప్పవద్దు" అని తెలుగులోనూ కన్నడంలోనూ రాసి అంటించండి. చివరగా నేలను తడిగుడ్డతో తుడవండి. పొడిగా ఊడవకండి. ఆ గుడ్డలను కూడా అదే సంచిలో వేయండి.

ముఖానికి తువ్వాలు కడితే చాలదా అంటారు. చాలదు. తువ్వాలు నేతలోని సందు మన కంటికి చిన్నదే, ఆ సూదికి అది ఊరి వాకిలి. ఆసుపత్రిలో కట్టుకునే పలచని నీలిమాస్కు కూడా పనికిరాదు.  పి-3 వడపోత ఉన్న మాస్కు కావాలి. అది ముఖానికి గాలి సందు లేకుండా అతుక్కోవాలి. గడ్డం పెరిగినవారికి సరిగా అతుక్కోదు. పనిచేసేటప్పుడు బీడీ తాగడం, తినడం కూడదు. వేసుకున్న బట్టలు పాతవైతే పని అయ్యాక తడిపి ఆ సంచిలోనే పారేయడం మేలు. ఉంచుకోవాలనుకుంటే అక్కడే నీళ్ళలో ముంచి, విడిగా ఉతకాలి. ఇంటికి తీసుకుపోయి ఆడవాళ్ళ చేతికి ఇచ్చి దులపమనకూడదు. లండన్ ఇల్లాళ్ళ సంగతి ఇందాక చెప్పుకున్నాం కదా, దాని పాఠం ఇదే. పిల్లవాణ్ణి ఎత్తుకునే ముందు స్నానం చేయాలి.

దించిన రేకులు ఎక్కడికి పోవాలి? మన ఊళ్ళలో ఇప్పుడు పోతున్న దారి మంచిది కాదు. కొన్ని గుజిరీ అంగడికి పోయి, అక్కడి నుంచి మళ్ళీ కూలీల షెడ్ల మీదికి చేరుతున్నాయి. కొన్ని చెరువుకట్ట పక్కన పడుతున్నాయి. కొన్నిటిని పొడి చేసి గుంతల్లో పోసి దారి చదును చేస్తున్నారు. బండ్లు తిరిగేకొద్దీ ఆ దారి నుంచి నార లేస్తూనే ఉంటుంది. దక్షిణాఫ్రికా గని ఊళ్ళలో పెరిగిన పిల్లల గతి మన పిల్లలకు పట్టకూడదంటే ఈ పని ఆపాలి. ముక్కలను కోళ్ళగూటికో, స్నానాలగదికి మరుగుకో వాడకండి. పొయ్యిలో, చలిమంటలో వేయకండి. రేకు కాలదు, వేడికి పేలి ముక్కలు ఎగురుతాయి. కూల్చిన ఇటుక, గారతో కలిపి పంపకండి. అక్కడ యంత్రంలో పడితే పొడి అయిపోతుంది.

రాతినార వస్తువులు తయారుచేసే చోట మిగిలే వ్యర్థాన్ని 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల పట్టికలో చేర్చాయి. అలాంటి వ్యర్థాలను అడుగున పొరలు వేసి శాస్త్రీయంగా పూడ్చే స్థలాలు ఉన్నాయి. కర్ణాటకలో నెలమంగల తాలూకా దాబస్‌పేటలో, తెలంగాణలో హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం దగ్గర పరవాడలో అలాంటివి నెలకొల్పారు. అయితే ఆ నిబంధనలు ఫ్యాక్టరీలను మనసులో పెట్టుకొని రాసినవి. నాలుగు రేకులు దించుకున్న సామాన్యుడు లారీ మాట్లాడుకొని దాబస్‌పేట పోలేడు. పదిళ్ళ రేకులను ఒకచోట చేర్చి పంపే ఏర్పాటును పురసభలు, పంచాయతీలు చేయాలి. మీ వార్డు సభ్యుణ్ణి, పంచాయతీ కార్యదర్శిని అడగండి. కాలుష్య నియంత్రణ మండలికి పదిమంది కలిసి అర్జీ రాయండి. అడిగేవారు లేకపోతే ఏర్పాటు ఎప్పటికీ రాదు. అంతవరకు చుట్టిన కట్టలను ఎవరూ తొక్కని మూల భద్రంగా ఉంచడమే మేలు.

కొత్త కప్పు వేసేటప్పుడు మళ్ళీ అదే రేకు తెచ్చుకోకండి. ఐరోపా సమాఖ్య దేశాలు 2005 నాటికి, ఆస్ట్రేలియా 2003 చివరికి, కెనడా 2018లో రాతినారను నిషేధించాయి. అమెరికా 2024లో తెల్లనారపై నిషేధం ప్రకటించింది. మన దేశంలో కొత్త గనులకు అనుమతులు 1986లోనే ఆపారు గానీ, నారను విదేశాల నుంచి, ఎక్కువగా రష్యా నుంచి, తెచ్చి రేకులు చేయడం చట్టప్రకారం సాగుతూనే ఉంది. కాబట్టి అంగట్లో రెండు రకాలూ దొరుకుతాయి. రాతినార బదులు ఇతర నారలు కలిపిన సిమెంటు రేకులు కూడా వస్తున్నాయి. చూడడానికి రెండూ ఒకటే. "ఆస్బెస్టాస్ లేనిది" అని బిల్లు మీద రాసివ్వమని అడగండి. మంగళూరు పెంకులు ఎప్పుడూ మంచివే. రంగుపూత ఇనుపరేకు వేస్తే వేడికి కింద ఏదైనా అడ్డుపొర వేయించుకోండి. ఖర్చు కొంత ఎక్కువే. అందుకే అన్నీ ఒకేసారి కాకుండా, ముందు పిల్లలు పడుకునే గది, వంటిల్లు మార్చండి. కొట్టం తరువాత చూసుకోవచ్చు.

చివరగా ఆరోగ్యం మాట. ఎప్పుడో ఒకసారి రేకు కోసినవారు దిగులు పడనక్కరలేదు. ఎంత ఎక్కువ దుమ్ము, ఎన్ని ఎక్కువ సంవత్సరాలు పీల్చితే ముప్పు అంత ఎక్కువ. అయితే ఏళ్ళ తరబడి రేకులు కోసినవారు, దించినవారు, ఫ్యాక్టరీలో పనిచేసినవారు రెండు పనులు చేయాలి. బీడీ, సిగరెట్టు వెంటనే మానాలి, ఎందుకంటే పొగ, నార రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెండోది, ఆయాసమో దగ్గో వచ్చి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, ఆయన అడగకపోయినా, "నేను ఇన్నేళ్ళు రేకుల పని చేసినాను" అని మీరే చెప్పాలి. మన దగ్గర ఆయాసమంటే ఉబ్బసమనో, దగ్గంటే క్షయ అనో అనుకొని మందులు మింగుతూ పోతాం. మీరు చెప్పే ఆ ఒక్క వాక్యం డాక్టరు గారి ఆలోచననే మార్చవచ్చు. పనివల్ల వచ్చే జబ్బులను పరిశోధించే అహ్మదాబాదు జాతీయ సంస్థకు దక్షిణాది ప్రాంతీయ కేంద్రం ఉన్నది ఎక్కడో కాదు, మన దేవనహళ్ళి తాలూకా కన్నమంగళలోనే, విమానాశ్రయం దారి పక్కన. ఇది మన ఇంటి ముంగిట ఉన్న దీపం లాంటిది.

ఇల్లుగలవారికీ, మేస్త్రీలకూ, కూలికి పోయే అన్నదమ్ములకూ నా మనవి ఒక్కటే. బాగున్న రేకును ముట్టుకోకండి. పాడైన రేకును పగలగొట్టకండి. దించవలసివస్తే తడిపి, విప్పి, చుట్టి దించండి. ఆ రేకు నీడలో మనం ఇన్నాళ్ళు బతికాం. దాన్ని సాగనంపేటప్పుడు ఎవరి ఊపిరీ బలి కాకూడదు, ముఖ్యంగా రోజుకూలి కోసం మన కప్పు ఎక్కిన పొరుగూరి మనిషి ఊపిరి.